తక్కువ ధరకు పెద్ద బండి వస్తోందా? అడ్వాన్సు ఇవ్వకముందు ఇది చదవండి!



స్కార్పియో, సఫారీ, ఫార్చ్యూనర్, ఎండీవర్... ఏదో ఒక పెద్ద బండి సెకండ్‌హ్యాండ్‌లో చూద్దామనుకుంటున్నారా? ఈ కాగితం మీకోసమే. పంచుతున్నది విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్లు దించే మెకానిక్‌లం, కిరాయికి బండ్లు తోలే డ్రైవర్లం. చెడిపోయిన బండ్లు మీరెన్ని కొంటే మాకంత పని, ఆ మాట దాచడం లేదు. కానీ రిపేరు బిల్లు కట్టలేక ఓనరు వదిలేసి పోయిన బండి షెడ్డు ముందు చోటు ఆక్రమించుకుని కూర్చుంటే మాకూ నష్టమే. ఆ బండి మీద నెలనెలా ఫైనాన్స్ వాయిదా కడుతున్న ఇంటికి ఇంకా నష్టం.

ధర తగ్గింది బండికే, సామాను ధర తగ్గలేదు!

కొత్తగా 18 లక్షలు పలికిన బండి పదేళ్ళు తిరిగాక 5 లక్షలకు వస్తుంది. 5 లక్షలకు కొత్తదైతే చిన్న కారే వస్తుంది, ఇంత పెద్ద బండి వస్తుంటే వదులుకుంటామా అనిపిస్తుంది. అక్కడే దెబ్బ తింటున్నాం. బండి ధర 5 లక్షలకు దిగింది గానీ దాని టర్బో ధర దిగలేదు. ఇంజెక్టర్ ధర దిగలేదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ధర అసలే దిగలేదు. నాలుగు ఇంజెక్టర్లు మారిస్తే లక్ష దాటే బండ్లున్నాయి. క్లచ్ మార్చాలని దింపితే ఫ్లైవీల్ కూడా పోయిందంటారు. ఆ రెంటి బిల్లు చూసి, చిన్న కారు డౌన్‌పేమెంటు ఇందులోనే పోయిందే అని తల పట్టుకున్న వాళ్ళను మేం చూశాం. మీరు కొంటున్నది 5 లక్షల బండే, పోషించాల్సింది మాత్రం 18 లక్షల బండిని. టైర్లు, బీమా, సర్వీసు అన్నీ ఆ లెక్కలోనే నడుస్తాయి. పైగా పాత బండికి ఇచ్చే అప్పు మీద వడ్డీ కొత్త బండి వడ్డీకన్నా ఎక్కువ.

పెద్ద బండి మీద మోజు ఎందుకో మాకు తెలియదా? ప్లాట్లు చూపించే వ్యాపారికి అది పెట్టుబడి. సర్పంచ్‌గా నిలబడదామనుకునే వాడికి బండి దిగే తీరులోనే సగం ప్రచారం అయిపోతుంది. పెళ్ళివారు వచ్చేసరికి వాకిట్లో నల్ల స్కార్పియో ఉండాలని పట్టుబట్టే మేనమామలూ ఉన్నారు. కొనొద్దని మేం అనడం లేదు. బాగా చూసుకున్న బండి లక్షన్నర కిలోమీటర్లు తిరిగినా గట్టిగానే ఉంటుంది. అలాంటివి మా చేతుల మీదుగా ఎన్నో పోతుంటాయి. మా గొడవంతా పూత పూసి తెచ్చిన బండ్ల గురించే.

ఈ బండ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?

ఒకటి, ఢిల్లీ నుంచి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బండి రోడ్డెక్కకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2025 ఆగస్టులో అదే కోర్టు అప్పటికి పాత బండ్ల ఓనర్ల మీద కఠిన చర్యలు వద్దంది. కానీ ఆ మధ్య కాలమంతా ఎనిమిదేళ్ళు, తొమ్మిదేళ్ళు నిండిన డీజిల్ బండ్లు అక్కడ అడ్డికి పావుసేరు లెక్కన అమ్ముడై దక్షిణాదికి దిగాయి. ఢిల్లీ బండి అంటే చెడ్డదే అనడానికి లేదు, మంచివీ వస్తాయి. అయితే అక్కడి ధర విని ఇక్కడ సంబరపడొద్దు. అక్కడి నుంచి ఎన్‌ఓసీ రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే కొత్త నంబరు వేయించాలి. ఎన్‌ఓసీ ఏ ఆర్టీఏ ఆఫీసు పేరు మీద ఉందో చూడండి. వేరే జిల్లా పేరు ఉంటే మళ్ళీ తిరగాల్సింది మీరే.

రెండోది వరద. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఊరి సంగతి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. బానెట్ దాకా మునిగిన బండ్లను మనమంతా చూశాం. అవే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు పొంగింది. అంతకుముందు 2020 అక్టోబరులో హైదరాబాద్, 2015 డిసెంబరులోనూ 2023 డిసెంబరులోనూ చెన్నై. ఆ బండ్లన్నీ ఏమయ్యాయి? రిపేరు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద తేలుస్తుంది. ఓనరుకు సొమ్ము ముడుతుంది. మిగిలిన బండి వేలంలో ఎవరి చేతికో పోతుంది. అది తుక్కు కావాలి. కొన్ని తుక్కవుతాయి. కొన్ని మాత్రం కడిగించుకుని, సీటు కవర్లు మార్పించుకుని, పాలిష్ కొట్టించుకుని వేరే జిల్లాలో 'సింగిల్ ఓనర్, షోరూమ్ సర్వీస్' అయి తేలతాయి.

వెనకటికి నంబరు చూస్తే బండి ఏ జిల్లాదో తెలిసేది. ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 07 అంటే గుంటూరు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక నంబరు ప్లేటును బట్టి ఊరు చెప్పే వీలు పోయింది. అందుకే ఆర్‌సీ మీద ఓనరు చిరునామా చదవండి. అది మునిగిన పేట అయితే ఇంకో రెండు ప్రశ్నలు అడగండి.

నీళ్ళలో మునిగిన బండిని పట్టుకోవడం అంత కష్టమేమీ కాదు. డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని మెల్లగా చివరిదాకా లాగండి. ఎవరైనా బెల్టులో పైకి కనిపించే మూరెడు ముక్కే కడుగుతారు. లోపల చుట్టలో ఉన్న భాగం మీద గోధుమరంగు గీత అడ్డంగా ఉందనుకోండి, నీళ్ళు అక్కడిదాకా వచ్చాయన్నమాట. తర్వాత డిక్కీలో కార్పెట్టు ఎత్తి జాకీ, వీల్ స్పానర్ పెట్టే గూట్లో వేలు పెట్టి చూడండి. ఎండిన ఒండ్రు అక్కడ పిండిలా తగులుతుంది. సీటు కింద పట్టాల బోల్టులు తుప్పుపట్టి ఉంటే, ఫ్యూజు పెట్టె పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే ఇక మాట్లాడకుండా దిగి వచ్చేయండి. ఏసీ వేయగానే గుప్పున సెంటు వాసన కొట్టే బండి విషయంలో మరీ జాగ్రత్త. వైరింగులో చేరిన తడి మొదటి నెలలో బయటపడదు. తర్వాత ఒక రాత్రి హైవే మీద లైట్లు ఆరిపోతాయి, ఇంకో రోజు ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతుంది. అలాంటి బండికి ఫలానా చోట ఫలానా లోపమని మేమైనా తేల్చి చెప్పలేం.

మూడోది ట్రావెల్స్‌లో తిరిగి తిరిగి, పసుపు బోర్డు పీకించుకుని తెల్లబోర్డు వేసుకున్న బండి. తిరుపతి, శ్రీశైలం, శిరిడీ, శబరిమల సీజన్... వీటికి తిరిగిన బండి మీటరు 70 వేలు చూపిస్తే నవ్వొస్తుంది. ఇక భీమవరం వైపు రొయ్యల చెరువు గట్ల మీద తిరిగిన బండ్లకు ఉప్పునీటి వల్ల అడుగు భాగం తినేస్తుంది. పైన రంగు మాత్రం మిలమిలలాడుతుంది.

పొద్దున్నే వెళ్ళండి, చెప్పకుండా వెళ్ళండి!

సంతలో ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పళ్ళు చూస్తాం, సుడులు చూస్తాం, అరక కట్టి నడిపిస్తాం. లక్షలు పోసే బండి దగ్గర మాత్రం సీటు కవర్లు చూసి, పాటలు పెట్టించుకుని విని, అడ్వాన్సు ఇచ్చేసి వస్తున్నాం.

పది గంటలకు వస్తానని చెప్పి ఏడింటికి వెళ్ళండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేసి ఉంచారు. ఎందుకు? చల్లటి ఇంజిన్ అబద్ధం చెప్పదు కాబట్టి. రాత్రంతా ఆగిన డీజిల్ ఇంజిన్ తాళం తిప్పినప్పుడు ఎంతసేపు గిలగిల కొట్టుకుంటుందో, స్టార్ట్ కాగానే పొగ ఏ రంగులో వస్తుందో చూడాలి. నీలంగా వస్తే ఆయిల్ కాలిపోతోంది, రింగులో టర్బో సీలో పోయాయి. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి దిగుతోందేమో అనుమానించాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా దట్టంగా నల్లపొగ కక్కితే ఇంజెక్టర్ల దగ్గరో గాలి లోపలికి వెళ్ళే దారిలోనో తేడా ఉంది.

ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత మెల్లగా విప్పండి. కొద్దిగా ఆవిరి రావడం మామూలే. మూత ఎగిరెగిరి పడుతూ, రైలింజనులా గుప్పుగుప్పున గాలి తన్నుకొస్తుంటే లోపల పిస్టన్లు, బోర్లు అరిగాయి. ఆ బండికి నేడో రేపో ఇంజిన్ దించాల్సిందే. రేడియేటర్ మూత మాత్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే విప్పాలి. వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. అందులో ఆయిల్ తెట్టు తేలుతుంటే హెడ్ గ్యాస్కెట్ సంగతి చూడాలి.

బండి కింద చూడకుండా రావొద్దు. దగ్గర్లోని వాటర్ సర్వీసింగ్ షెడ్డులో ర్యాంపు ఎక్కించమనండి, దానికయ్యే డబ్బు మీరే ఇవ్వండి. స్కార్పియో, ఫార్చ్యూనర్ లాంటి బండ్లకు కింద నిచ్చెనలా ఛాసిస్ ఫ్రేమ్ ఉంటుంది. దాని మీద కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే ఎందుకు కొట్టారని అడగండి. తుప్పు దాచడానికో, వెల్డింగు అతుకు దాచడానికో తప్ప పదేళ్ళ బండికి అడుగున రంగుతో పనేముంది? ఫ్రేమ్ వంగి అతికించిన బండి ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా ఒక పక్కకే లాగుతుంది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్‌సీలో ఉన్న అంకెలతో సరిచూడండి.

తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని సెకన్లకు ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేసి ఉంటారు, ఎయిర్‌బ్యాగ్ ఒకసారి పేలి మళ్ళీ వేయించలేదేమో! 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ అయితే సైలెన్సర్ దారిలో మసిని ఆపే ఫిల్టర్ ఉందా, తీసేసి ఖాళీ గొట్టం బిగించారా చూడాలి. ఊళ్ళోనే నాలుగడుగులు తిరిగిన బండిలో అది మూసుకుపోతుంది, కొత్తది వేయించే ఖర్చుకు జడిసి తీసి పారేస్తారు.

మీటరు మాట చెప్పక్కర్లేదు. డిజిటల్ మీటరును ల్యాప్‌టాప్ పెట్టి వెనక్కి తిప్పడం నిమిషాల పని. బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ తోలు నిగనిగలాడుతూ, మీటరు 48 వేలు చూపిస్తుంటే పెడల్‌నే నమ్మండి. డీజిల్ బండి కొని వాకిట్లో నిలబెట్టుకునేవాడు ఉండడు గదా! షోరూముకు ఫోన్ చేసి సర్వీసు చిట్టా అడగండి. మూడేళ్ళ కింద సర్వీసుకు వచ్చినప్పుడే లక్షా పదివేలు దాటి ఉంటే ఇవాళ 80 వేలు ఎలా అవుతుంది? స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళండి. స్కానర్‌లో తప్పుల జాబితా ఖాళీగా ఉందని సంబరపడకండి. జాబితా తుడిచేశాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా బండ్లలో స్కానర్ చూపిస్తుంది. అక్కడ 3 కిలోమీటర్లు అని కనబడితే, మీరు వచ్చే ముందు ఎవరో తుడిచారన్నమాట.

మీటరు తిప్పి అమ్మడం తెలివితేటలు కాదు, నేరం. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం.

కాగితాలు పూర్తికాని బండి మీది కాదు!

మన దగ్గర జరిగే తంతు ఇది. అమ్మేవాడు ఫారం 29, ఫారం 30 మీద ఖాళీ సంతకాలు పెట్టి బ్రోకరుకు ఇచ్చేస్తాడు. బ్రోకరు ఇంకో బ్రోకరుకు ఇస్తాడు. ఆర్‌సీ మాత్రం మొదటివాడి పేరు మీదే ఉంటుంది. నాలుగు చేతులు మారాక మీ దగ్గరికి వస్తుంది. పేరు మార్చుకుందామని ఆఫీసుకు వెళితే పాత ఓనరు ఫోను ఎత్తడు, లేదా ఫైనాన్స్ కంపెనీకి బాకీ ఉందని తెలుస్తుంది.

కాబట్టి అడ్వాన్సుకు ముందే ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. ఫైనాన్స్ ఉందా, బీమా ఎప్పటిదాకా ఉంది, బ్లాక్‌లిస్టులో పడిందా, అన్నీ కనిపిస్తాయి. చలాన్లు ఎన్ని పెండింగులో ఉన్నాయో విడిగా చూసుకోండి. తెలంగాణ, ఆంధ్ర రెండు చోట్లా చూడండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. 'వారంలో తెప్పిస్తా' అన్న మాటకు విలువ లేదు. బండి కొన్నవాళ్ళు 30 రోజుల్లో పేరు మార్పుకు పెట్టుకోవాలి. బీమాను 14 రోజుల్లో మీ పేరు మీదకు మార్పించుకోండి. మార్చకపోతే ఎదుటివాడికి జరిగిన నష్టానికి బీమా పనిచేస్తుంది గానీ మీ బండికి జరిగిన నష్టానికి పైసా రాదు. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, మీకు రాదు.

అమ్మేవాళ్ళకూ ఒక మాట. బండి అమ్మేశాం, మనకేం సంబంధం అనుకోవద్దు. 2007లో అమ్మేసి, చేతులు మారిన ఒక మారుతి 800 వల్ల 2009లో ప్రమాదం జరిగితే, ఆర్‌సీలో పేరు ఎవరిది ఉందో ఆయనే పరిహారం కట్టాలని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. బండి ఇచ్చేసిన 14 రోజుల్లో ఫారం 29 ఆర్టీఏకు చేర్చండి, వేరే రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల గడువుంది. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టకండి.

పాత బండ్ల కన్సల్టెన్సీ వాళ్ళను ఈ ప్రశ్న అడగండి!

"మీ అధీకృత డీలర్ సర్టిఫికెట్ ఏదండీ?"

2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల వ్యాపారం చేసేవాళ్ళు ఆర్టీఏ నుంచి ఈ సర్టిఫికెట్ తీసుకోవాలి. బండి డీలరు చేతికి రాగానే ఓనరు, డీలరు కలిసి ఫారం 29సి కింద ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అక్కణ్ణుంచి ఆ బండికి డీలరే ఓనరు లెక్క. ఏం జరిగినా బాధ్యత ఆయనదే. ఎంత మంచి నిబంధన! మన ఊళ్ళో ఎన్ని కన్సల్టెన్సీల గోడ మీద ఆ సర్టిఫికెట్ వేలాడుతోందో ఈసారి వెళ్ళినప్పుడు మీరే చూడండి.

బిల్లు అడగండి. 'బిల్లిస్తే జీఎస్టీ పడుతుంది, రేటు పెరుగుతుంది' అంటారు. రిజిస్టరైన డీలరుకు జీఎస్టీ 18 శాతం పడేది బండి మొత్తం ధర మీద కాదు, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య ఉన్న తేడా మీద. 5 లక్షలకు కొని 5 లక్షల 60 వేలకు అమ్మితే 60 వేల మీద 10,800. అంతే. బిల్లు ఇవ్వనన్నవాడి భయం జీఎస్టీ గురించి కాదు, రేపు మీరు కేసు వేస్తారని.

ఆ బిల్లు మీద కిలోమీటర్లు రాయించండి. 'వరదలో మునగలేదు, టోటల్ లాస్ కాలేదు, పెద్ద యాక్సిడెంట్ లేదు' అని రాయించి సంతకం తీసుకోండి. 'ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని కొన్నాను' అని ముందే అచ్చువేసిన కాగితం మీ ముందు పెడితే ఆ వాక్యం కొట్టేయమనండి. కొట్టేయకపోతే పక్క కన్సల్టెన్సీకి వెళ్ళండి. బండ్లకు కరువా?

ఇప్పటికే మోసపోయినవాళ్ళు ఊరుకోవద్దు. డీలరు దగ్గర కొని ఉంటే రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. కొన్న ధర 5 లక్షల లోపయితే ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400. ముందు 1915కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడండి. తెలిసినాయన దగ్గర నేరుగా కొని ఉంటే మాత్రం ఆ కమిషన్ దారి కుదరదు, పోలీసు ఫిర్యాదో సివిల్ కోర్టో చూసుకోవాలి. అందుకే తెలిసినాయన దగ్గరైనా రాతపూర్వకంగా తీసుకోమంటున్నాం.

మేం అడుగుతున్నవి, మీరు చేయాల్సినవి

ఆర్టీఏ ఆఫీసు గోడ మీద ఆ జిల్లాలోని అధీకృత పాత బండ్ల డీలర్ల పేర్లు పెద్ద అక్షరాలతో పెట్టాలి. సర్టిఫికెట్ లేకుండా వ్యాపారం చేసేవాళ్ళ దగ్గర తనిఖీలు చేయాలి. బీమా కంపెనీ టోటల్ లాస్‌గా తేల్చిన ప్రతి బండి వివరం ఎంపరివాహన్‌లో నంబరు కొట్టగానే కనిపించాలి. ఇవి కోరికలు కూడా కాదు, ఉన్న రూలు అమలు చేయమనీ, ఉన్న సమాచారం జనానికి చూపించమనీ అడుగుతున్నాం.

ఎన్టీఆర్ జిల్లా కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. ఈ మూడు డిమాండ్లతో అర్జీ రాయండి. మోసపోయినవాళ్ళు బండి నంబరు, కొన్న తేదీ, ఇచ్చిన డబ్బు, పడిన రిపేరు ఖర్చు కూడా రాసి, బిల్లుల జిరాక్సులు జత చేయండి. రాయడం రాకపోతే ఆటోనగర్‌లో మా షెడ్డుల్లో ఏ మెకానిక్‌ను అడిగినా కూర్చోబెట్టి రాసిపెడతాం. ఒక్కరుగా వెళితే ఒక అర్జీ, ఇరవై మంది కలిసి వెళితే అదే పెద్ద విషయం. పక్క జిల్లాల వాళ్ళు మీ కలెక్టరేట్‌కు, తెలంగాణ వాళ్ళు సోమవారం ప్రజావాణికి వెళ్ళండి. అర్జీ ఇచ్చాక నంబరుతో రసీదు అడిగి తీసుకోవడం మరవొద్దు.

ఈ వారంలో ఎవరైనా బండి చూడ్డానికి వెళ్తుంటే వాళ్ళ చేతికి ఈ కాగితం ఇవ్వండి. అడ్వాన్సు అప్పుడే ఇచ్చేసి ఉంటే, రసీదు పట్టుకుని ఇవాళే షెడ్డుకు రమ్మనండి. మిగతా డబ్బు ఇచ్చేలోపు బండిని ఒకసారి ర్యాంపు ఎక్కిద్దాం.

ఇట్లు,
ఆటోనగర్ మెకానిక్‌లు, కిరాయి బండ్ల డ్రైవర్లు, పాత బండి కొని దెబ్బతిన్న కొన్ని కుటుంబాలు
విజయవాడ